మంచుదారికి బురదలో పరీక్ష

మొన్న మా తార్నాక వీధి చివరింట్లో ఉండే అన్నదమ్ములిద్దరు నా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ ఉద్యోగస్తులే. కలిసి ఒక జీపు కొన్నారట, ఈ చలికాలం హిమాలయాలకు పోయి మంచులో నడుపుతారట. ముందు చక్రాల డిఫరెన్షియల్‌లో ఏ సరుకు వేయిస్తే బండి పట్టు తప్పకుండా లాగుతుందో చెప్పమని ఫోనులో నాలుగైదు బొమ్మలు చూపించారు. ఒక బొమ్మ కింద 'నూటికి నూరు శాతం లాక్' అని రాసి ఉంది. ఆ ముక్క చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది.

వాళ్ల మీద కాదు. పాపం, పెద్దవాణ్ణని వెతుక్కుంటూ వచ్చి అడిగారు. చాయ్ తాగించి, సగం సంగతి చెప్పి పంపాను. మిగతా సగం నోటితో చెప్పే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను. ఎనభై దాటాక కోపం మంచిది కాదని డాక్టరు చెప్తూనే ఉన్నాడు. ఆయనిచ్చే గోలీలు రక్తపోటుకు పనిచేస్తున్నాయి గానీ ఈ కోపానికి పనిచేయడం లేదు.

పందొమ్మిది వందల అరవైల చివర్లో నేను ఇక్కడ హైదరాబాదులో విశ్వవిద్యాలయం బండ్ల షెడ్డులో ఫోర్‌మన్‌ని. మాది కృష్ణా జిల్లా. నాన్న మిషన్ బడిలో పంతులు. పెద్దకొడుకు పాస్టరవుతాడని ఆయన ఆశ, వాడేమో పానాలు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు నిండకుండానే షెడ్డు నా చేతికి వచ్చింది. రెండు బస్సులు, ఒక వ్యాను, మూడు జీపులు. కాలేజీ చదువు లేకపోయినా గేరు పళ్లు చేత్తో తడిమి అది ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పగలిగేవాణ్ణి. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. కార్యాలయంలో ఒక్కరికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఊసే లేదు.

జీపుల డ్రైవర్లలో ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద. భువనగిరి పక్కన రైతు కుటుంబం. భూమి అన్నదమ్ములకు చాలక పట్నం వచ్చి, మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో భార్యతో, నలుగురు పిల్లలతో ఉండేవాడు. నేను 'అన్నా' అనేవాణ్ణి, ఆయన 'తమ్మీ' అనేవాడు. పొద్దున బండి తీసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లనూ అరచేత్తో తట్టేవాడు. అన్నేళ్ల సర్వీసులో ఆయన బండికి ఒక గీత పడ్డం నేను చూడలేదు. "బండి మనతోటి మాట్లాడ్తది తమ్మీ, మనం ఇనాలె, అంతే," అనేవాడు.

ఒక ఏడాది భూగర్భశాస్త్ర శాఖలో రీడరుగారొకరికి ఒక పని తగిలింది. ఉత్తరాది కొండల్లో వేడినీటి బుగ్గలున్నాయి. వేసవిలో మంచు కరిగిన నీళ్లు కలుస్తాయి కాబట్టి వాటి అసలు వేడి తేలదట, నడి చలికాలంలోనే కొలవాలట. ఇద్దరు విద్యార్థులతో జనవరిలో వెళ్లాలి, మన జీపు తీసుకెళ్లాలి. ఆ దారి నిండా మంచు. ముందు చక్రాలకు ఏదో ఒక సాయం ఉంటే తప్ప బండి ఎక్కదు. పని మంచిదే, ఆయన మనిషీ చెడ్డవాడేమీ కాదు. కాకపోతే పేరు తెచ్చుకోవాలన్న తొందర ఎక్కువ.

ఇక్కడ రెండు ముక్కలు యంత్రం గురించి చెప్పక తప్పదు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ దూరం. ఆ రెండింటినీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చేదే డిఫరెన్షియల్. దాని జబ్బు కూడా అందులోనే ఉంది. ఒక చక్రం బురదలోనో మంచులోనో పట్టు తప్పితే ఇంజను బలమంతా దానికే పోయి అది గిరగిరా తిరుగుతుంది. గట్టి నేల మీదున్న రెండోది చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

దీనికి విరుగుడుగా విదేశాల్లో రెండు రకాల సరుకు దొరికేది. ఒకటి రెండు చక్రాలనూ పూర్తిగా కట్టేసి ఒక్కటిగా తిప్పుతుంది. మలుపులో బయటి చక్రం నేలను పట్టుకుని ముందుకు గుంజితే టకటకమని తనంతట తానే విడిపోతుంది. రెండోది కొంతవరకే కడుతుంది. లోపల బిళ్లలు ఒకదానినొకటి నొక్కుకుని ఉండి, బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూనే అవసరమైనప్పుడు కాస్త జారనిస్తాయి. కేటలాగులో మొదటిదాన్ని పూర్తి లాక్ అన్నారు, రెండోదాన్ని పరిమిత లాక్ అన్నారు. లాగుడు ఎంత అన్నచోట మొదటిదానికి నూరు వేసుకున్నారు, రెండోదానికి అంతకు తక్కువ.

సరుకు అమ్మే ఏజెంటు తెచ్చి రెండూ నాకు చూపించాడు. మొదటిదాన్ని విప్పి చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైంది. అది విడిపోవాలంటే బయటి చక్రానికి నేల మీద పట్టుండాలి. మంచు గడ్డకట్టిన దారిలో ఆ పట్టే ఉండదు. అప్పుడది విడిపోదు, రెండు చక్రాలూ కట్టేసినట్టే ఉంటాయి. నువ్వు స్టీరింగు ఎంత తిప్పు, చక్రాలు వంకరగా నిలబడి తిన్నగానే జారుకుంటూ పోతాయి. వెనక చక్రాలకు పెట్టే పనైతే అది వేరే కథ. స్టీరింగు ఉన్న ముందు చక్రాలకు, మంచు మలుపుల దారికి, ఆ సరుకు పనికిరాదు. రెండోదే వెయ్యాలి, కాస్త తక్కువ లాగినా సరే.

ఈ మాట చెప్పడానికి కొనుగోళ్ల సూపరింటెండెంటు గదికి వెళ్లాను. ఆయన పాతబస్తీ మనిషి, ఫైలు కట్టడంలో దిట్ట. ఏ వస్తువు కొనాలన్నా ఒక పెద్ద కాగితం మీద గీతలు గీసి, రెండు మూడు రకాలను పక్కపక్కన పెట్టి, ఏ గడిలో దేనికి ఎక్కువ వచ్చిందో చూసి కమిటీకి పంపడం అక్కడి పద్ధతి. కుర్చీలకూ అదే కాగితం, సూక్ష్మదర్శినులకూ అదే కాగితం. లాక్‌కు కూడా అదే గీసి పెట్టుకున్నాడు.

"సార్, ఈ పూర్తి లాక్ వేస్తే మంచులో బండి మలుపు తిరగదండీ," అన్నాను.

"ఎట్ల తిరగదు? గీడ రాసి ఉన్నది గదా, మలుపుల తానే ఇచ్చుకుంటదని."

"నేల పట్టు ఉంటేనే విచ్చుకుంటుంది సార్. మంచు మీద పట్టుండదు కదండీ."

"నువ్వు మంచు చూసినవా?"

"లేదండీ."

"నేను గూడ చూడలే. కేటలాగు రాసినోడు చూసిండు." చుట్టూ ఉన్న గుమాస్తాలు నవ్వారు. ఆయన కాగితం నా వైపు తిప్పాడు. "చూడు భాయ్. ఇది పూరా, ఇది ఆధా, సగమే. పూరా సామాన్ దొరుకుతుంటే ఆధా సామాన్ ఎందుకు తీసుకున్నవని రేపు ఎవరన్న అడిగితే జవాబు నువ్విస్తవా? మలుపు మలుపు అంటున్నవ్, దానికి కాలమ్ ఏడున్నది?"

నిజంగానే లేదు. ఎంత లాగుతుంది అన్నదానికి గడి ఉంది. బరువెంత, ఎన్నాళ్లలో వస్తుంది, ఎన్నాళ్లు మన్నుతుంది, అన్నిటికీ ఉన్నాయి. తిరుగుతుందా లేదా అన్నదానికి లేదు. ఒక గడి గీయమని బతిమాలాను. గీసిన కాగితం మీద మళ్లీ గీస్తే దిద్దుబాటు అవుతుందన్నాడు. అయ్యా, దారి మీద పోయే బండి గురించి రాసే కాగితంలో అది తిరుగుతుందా అన్న ప్రశ్నకే చోటు లేకపోతే ఆ కాగితం ఎందుకు, చుట్టి పొయ్యిలో పెట్టుకోవడానికా? ఈ మాట అప్పుడు అనలేదు. ఇప్పుడంటున్నాను.

డ్రైవరును కూడా ఒక్కరూ అడగలేదు. బండి నడిపేది ఆయన, కొండ అంచున కూర్చునేది ఆయన. కమిటీలో నలుగురున్నారు, వాళ్లలో ముగ్గురికి సైకిలు తొక్కడం కూడా రాదు.

మొత్తానికి ఏజెంటు మనిషి పూర్తి లాక్‌ను పట్టుకొచ్చాడు, పరీక్ష చేసి చూసుకోమన్నాడు. నేనే జీపుకు బిగించాను. వానలు అప్పుడే వెనకబట్టాయి. హాస్టళ్ల వెనక పల్లపు నేలలో నల్లమట్టి మోకాలి లోతు బురదై ఉంది. కమిటీ మొత్తం గొడుగులతో గట్టు మీద నిలబడింది. రీడరుగారు ప్యాంటు మడిచి ఉత్సాహంగా అటూ ఇటూ తిరుగుతున్నారు. అన్న బండిని బురదలోకి దింపాడు. ఇరుసు దాకా కూరుకుంది. ముందు చక్రాలకు బలం ఇవ్వగానే రెండూ కలిసి తిరిగి, బండి బురద చిమ్ముకుంటూ గట్టెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత తారు రోడ్డు మీద తిప్పి చూపించమన్నారు. తిప్పాడు. మలుపులో టకటకమని విడిపోయింది, బుద్ధిగా తిరిగింది.

"చూశావుటోయ్," అన్నారు రీడరుగారు నా భుజం తట్టి. "లాగమంటే లాగింది, తిరగమంటే తిరిగింది. ఇంకా ఏం కావాలి నీకు?"

"బురదలో లాగడం చూశాం సార్, గట్టి నేల మీద తిరగడం చూశాం. జారే నేల మీద తిరగడం చూడలేదు కదండీ."

సూపరింటెండెంటు గొడుగు మూసి పకపకా నవ్వాడు. "ఈయన కోసం హైదరాబాదుల మంచు కురిపియ్యాల్నంటయ్యా."

అందరూ నవ్వారు. సిగ్గేసి నేనూ నవ్వాను. ఇరానీ చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, అక్కడే గట్టు మీద, జీపు బానెట్టు మీద కాగితం పెట్టి నలుగురూ సంతకాలు చేశారు. పరీక్షలో నెగ్గింది అని రాసుకున్నారు. మంచు దారికి కొన్న సరుకును బురదలో పరీక్షించి నెగ్గిందనుకున్న మహానుభావులు వాళ్లు. మంచు మీద జారకుండా టైర్లకు చుట్టే గొలుసులు ముందు చక్రాలకు కూడా కావాలని నేను జాబితాలో రాస్తే, ముందు చక్రాలకు పూర్తి లాక్ ఉండగా గొలుసులెందుకని కొట్టేశారు. వెనక చక్రాలకు మాత్రం ఒక జత మంజూరు చేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్తే అది అబద్ధం. మర్నాడు కూర్చుని ఇంగ్లీషులో రెండు పేజీల నోటు రాశాను. బొమ్మలు గీశాను, బాణం గుర్తులు పెట్టాను. స్పెల్లింగులు సరిచూడమని మా చర్చి హైస్కూలు మాస్టారికి చూపించాను. ఆయన మెచ్చుకున్నాడు. నోటు కమిటీకి పోయింది, మూడు రోజులకు తిరిగొచ్చింది. మార్జిన్‌లో 'చూశాను' అని ఒక్క మాట, కింద కమిటీలో ఒకాయన పొట్టి సంతకం. అంతే. ఆ సంతకం చూసి నేను షెడ్డులో నానా మాటలూ అన్నాను. అని, చేతులు కడుక్కుని ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

బండి బయల్దేరే ముందు ఫోర్‌మన్ ఒక కాగితం మీద సంతకం చేయాలి. 'ముందు లాక్ సరిగా బిగించబడినది, బండి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నది.' బిగింపు సరిగానే ఉంది, నేను బిగించిన బోల్టు ఎప్పుడూ వదులవలేదు. చేశాను సంతకం.

సికింద్రాబాదు గూడ్సు షెడ్డులో జీపును రైలెక్కించే రోజు అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"నిజం జెప్పు తమ్మీ. తిరుగుతదా, తిరగదా?"

"మంచు మలుపులో నాకు నమ్మకం లేదన్నా. మలుపు వచ్చినప్పుడల్లా ముందు చక్రాలకు బలం ఆపేసి, వెనక చక్రాలతోనే మెల్లగా తిప్పు."

"ఎక్కుడుల ముందుది ఆపితే బండి ఎక్కదు గదా."

"ఎక్కదు."

"ఆపితే ఎక్కదు, ఆపకుంటే తిరగదు. మంచిగనే ఇచ్చిండ్రు." నవ్వాడు. "సరే తియ్."

"రానని చెప్పరాదూ అన్నా. ఒంట్లో బాగాలేదని లీవు పెట్టు."

"పోనంటె కొల్వు పోతది తమ్మీ. నాకు నలుగురు. పెద్దపోరి ఈసారి పదోతరగతి రాస్తున్నది." నాలుగు టైర్లూ తట్టి చూసుకుని బండిని వ్యాగన్ మీదికి ఎక్కించాడు. రీడరుగారు కొత్త ఉన్నికోటు వేసుకుని ఫోటో తీయించుకున్నారు.

జనవరి మూడోవారంలో టెలిగ్రాం వచ్చింది. జీపు లోయలోకి జారింది, డ్రైవరుకు గాయాలు, మిగతావాళ్లు క్షేమం.

ఏం జరిగిందో అన్న తిరిగొచ్చాక ఆయన నోటనే విన్నాను. కుడి మోకాలు నుజ్జయి, అక్కడి ఆసుపత్రిలో పది రోజులుండి వచ్చాడు. కాలు ఇక వంగదని తేల్చేశారు. మంచం మీద కూర్చుని కాలు చాపి చెప్పాడు. కొండ నీడలో ఎండ తగలని మలుపు. ఎక్కుడు. దారి మీద మంచు గాజుపలకలా గట్టిపడి ఉంది. దూరం నుంచే చూసి బండి ఆపాడు. రీడరుగారినీ విద్యార్థులిద్దరినీ దిగి నడిచి రమ్మన్నాడు. చలిలో నడవడమెందుకని రీడరుగారు విసుక్కుంటే, "దిగుండ్రి సార్, దండం వెడ్త," అన్నాడట. వాళ్లు దిగాక ఒక్కడే బండి తీశాడు.

"తిప్పిన తమ్మీ. మొత్తం తిప్పిన. చక్రాలు తిరిగినయ్, బండి తిరగలే. దాని ముక్కు ఎటున్నదో అటే సీదా వోయింది. వెనక గొలుసులు ముంగటికి దొబ్బుతనే ఉన్నయ్. నేనేం జేతు?"

దారి పక్కన ఇద్దరు మనుషుల లోతులో ఒక రాతి తిన్నె ఉండబట్టి బతికాడు. ఆ తిన్నె లేకపోతే కింద నది.

ఇక వినండి అసలు సంగతి. వారం తిరక్కుండా ఆయనకు మెమో వచ్చింది. సస్పెన్షన్. అందులో రాసినదాన్ని నేను ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. 'మలుపు ప్రమాదకరమని ముందే గుర్తించి ప్రయాణికులను దించివేసిన డ్రైవరు, ప్రమాదమని తెలిసి కూడా వాహనమును నడుపుట తీవ్రమైన నిర్లక్ష్యము.' చదివారా? ముగ్గురి ప్రాణాలు కాపాడిన పనినే ఆయన నేరానికి సాక్ష్యం చేశారు. దించకుండా ముగ్గురినీ తీసుకునే లోయలో పడుంటే పాపం ప్రమాదం అనేవారు కాబోలు. ఎవడు రాశాడో ఆ వాక్యం, వాడి చెయ్యి విరగ అని షెడ్డులో అందరిముందూ తిట్టాను. ఇప్పటికీ తిడుతున్నాను.

రీడరుగారిని వాంగ్మూలం అడిగితే ఏమన్నారో తెలుసా? "నేను మెకానిక్‌ని కాను. ఆ నిర్ణయం డ్రైవరు విచక్షణకు వదిలేశాను." అంతకు మించి ఒక్క ముక్క లేదు. డ్రైవరు దండం పెట్టి దించబట్టి ఆ వాంగ్మూలం రాయడానికి ఆయనకు చెయ్యి మిగిలింది. నేను ఎదురుపడితే తల దించుకుని పోయేవారు. వేడినీటి బుగ్గల మీద వ్యాసం మాత్రం ఆ ఏడే అచ్చయింది. చివర కృతజ్ఞతలలో కమిటీ పేరుంది, డ్రైవరు ఊసు లేదు.

విచారణాధికారిగా ఇంజనీరింగు వైపునుంచి ఒక పెద్ద ప్రొఫెసరును వేశారు. నిర్లక్ష్యం అని ఆయన ఖాయం చేస్తే అన్న ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, మోకాలు వంగని మనిషి నలుగురు పిల్లలతో వీధిన పడతాడు. నా నోటు పట్టుకుని వెళ్లాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. విశ్వవిద్యాలయంలో దాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే.

"బాగా రాశావయ్యా. తర్కం కూడా సరిగానే ఉంది. కానీ ఇది నీ ఊహ. బురదలో పరీక్ష చేశారు, రోడ్డు మీద చేశారు, రెండిట్లోనూ నెగ్గిందని సంతకాలున్నాయి. నువ్వు చెప్పింది నిజమని రుజువేది?"

నా దగ్గర రుజువు లేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వాళ్లనీ వీళ్లనీ తిట్టుకున్నాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక లాలాపేటలో ఉన్న మా చెల్లెలింటికి భోజనానికి పోతున్నాను. దారిలో ఐసు ఫ్యాక్టరీ ముందు ఒక మనిషి పొడుగాటి ఐసు దిమ్మకు కొక్కెం తగిలించి, ఒంటిచేత్తో లాగి బండిలోకి తోస్తున్నాడు. అంత బరువు దిమ్మ అరుగు మీద సబ్బుబిళ్లలా జారిపోయింది. సైకిలు దిగి అక్కడే నిలబడిపోయాను. చెల్లెలింట్లో కూర చల్లారిపోయిందట, ఆ పూట నేను వెళ్లనేలేదు.

విరిగిన జీపు అప్పటికే రైల్లో వెనక్కి వచ్చింది. ముందు ఇరుసు చెక్కుచెదరలేదు. అందులోంచి ఆ లాక్‌ను విప్పి మరో జీపులో బిగించాను. ఇంకో జీపును మామూలుగానే ఉంచాను. ప్రొఫెసరుగారిని తెల్లారేసరికి షెడ్డుకు రమ్మని కోరాను, ఎండెక్కితే పని చెడుతుందని చెప్పాను. ఆయన ఒప్పుకుని, కమిటీని కూడా రమ్మని కబురు పెట్టారు.

ఇంకా చలిగానే ఉన్న ఫిబ్రవరి పొద్దున, రెండు బండ్ల నిండా ఐసు దిమ్మలు రంపపు పొట్టులో, గోనెసంచుల్లో వచ్చాయి. షెడ్డులో ఉన్న మెకానిక్కులు, డ్రైవర్లు, ఊడ్చేవాళ్లు అందరూ చేతులకు గుడ్డలు చుట్టుకుని దిమ్మలు మోశారు. వాకిట్లో సిమెంటు నేల మీద పక్కపక్కన పేర్చి పొట్టు ఊడ్చేశాం. మలుపు ఎలా తిరగాలో సుద్దతో గీత గీశాను. గీత దాటితే బండి తగలడానికి పాత టైర్లు గోడలా పేర్పించాను. అన్న చంకలో కర్రతో వచ్చి నూనె డ్రమ్ము మీద కూర్చున్నాడు. సూపరింటెండెంటు శాలువా కప్పుకుని వచ్చాడు. రీడరుగారు రాలేదు.

"నేను నడిపితే నా పక్షం అంటారు సార్," అన్నాను ప్రొఫెసరుగారితో. "మీరే నడపండి."

ఆయన సొంత కారు నడిపే మనిషి. కోటు విప్పి నాకిచ్చి మామూలు జీపు ఎక్కారు. నాలుగు చక్రాలకూ బలం ఇచ్చి, ముందు చక్రాలు ఐసు మీదికి రాగానే స్టీరింగు తిప్పారు. బండి కాస్త జారింది, ఊగింది, అయినా తిరిగింది. సుద్ద గీత దాటలేదు.

తర్వాత లాక్ వేసిన జీపు ఎక్కారు. అదే వేగం, అదే చోట తిప్పడం. చక్రాలు రెండూ వంకరగా నిలబడ్డాయి, బండి తిన్నగా జారుకుంటూ వెళ్లి టైర్ల గోడకు గుద్దుకుంది. ఆయన వెనక్కి తెచ్చి మళ్లీ చేశారు. మళ్లీ టైర్లకే గుద్దుకుంది. మూడోసారి స్టీరింగును చివరిదాకా తిప్పి పట్టుకున్నారు. టకటక శబ్దం ఒక్కసారి కూడా వినిపించలేదు, బండి ఈసారి ఇంకా తిన్నగా పోయింది. దిగి, జేబురుమాలుతో అరచేతులు తుడుచుకున్నారు.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇది ఫ్యాక్టరీల జేసిన ఐసు. గాడ ఉన్నది దేవుడు జేసిన మంచు. రెండు ఒకటి ఎట్లయితది?"

"అయితే మీరు కూర్చోండి స్టీరింగు ముందు," అన్నారు ప్రొఫెసరుగారు. "టైర్లు తీయించేస్తాను. అవతల గోడే ఉంటుంది."

ఆయన శాలువా సర్దుకున్నాడు గానీ కదల్లేదు. షెడ్డులో ఎవరో నవ్వి, దగ్గులోకి మార్చుకున్నారు.

ఆ నెలాఖరుకే ఉత్తర్వు వచ్చింది. డ్రైవరు నిర్లక్ష్యం లేదు, సస్పెన్షన్ రద్దు, కాలు వంగదు కాబట్టి లైబ్రరీ గేటు దగ్గర కూర్చునే పని. జీతం తగ్గదు, పింఛను ఎక్కడికీ పోదు. అక్కడిదాకా బాగుంది. కింద ఇంకో పేరా ఉంది. 'సాంకేతిక లోపమును సంబంధిత అధికారుల దృష్టికి ప్రభావవంతముగా తీసుకుపోనందులకు' ఫోర్‌మన్‌కు హెచ్చరిక. అంటే నాకు. కమిటీకి ఏమీ లేదు. పరీక్షలో నెగ్గిందని బానెట్టు మీద సంతకాలు చేసిన నలుగురికీ ఏమీ లేదు. నా నోటు మీద 'చూశాను' అని రాసినవాడికి ఏమీ లేదు. వాడు మరుసటేడు ప్రమోషను కూడా కొట్టాడు. నేను రిటైరయ్యేదాకా ఆ హెచ్చరిక నా సర్వీసు పుస్తకంలో ఉంది, ఇప్పటికీ ఏదో బీరువాలో ఉండే ఉంటుంది.

ఉత్తర్వు కాపీ పట్టుకుని సాయంత్రం మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. అన్న గుమ్మం ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య చాయ్ తెచ్చి ఇచ్చి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఉత్తర్వు మొదటి పేరా రెండుసార్లు చదివి వినిపించాను. రెండో పేరా చదివి, ఆ కమిటీని, ఆ సూపరింటెండెంటును, ఆ రీడరును, ఎవరినీ వదలకుండా కడిగేశాను. ఐసు పరీక్షలో సూపరింటెండెంటు మొహం ఎలా మాడిపోయిందో మళ్లీ చెప్పాను. నేను చెప్పింది నిజమని తేలింది కదన్నా అన్నాను. గెలిచినవాడిలాగే మాట్లాడాను.

ఆయన అంతా విన్నాడు. చాయ్ పూర్తిచేసి కప్పు కింద పెట్టాడు.

"తమ్మీ, ఒక మాట అడుగుత. ఏమనుకోకు."

"అడుగన్నా."

"గా ఐసు, మేం పోకముందు గూడ లాలాపేటల దొరుకుతుండె గదా?"

ప్రతి ఆదివారం ఆ ఫ్యాక్టరీ ముందునుంచే నేను సైకిలు మీద పోయేవాణ్ణి. రెండు పేజీల నోటు రాసి, స్పెల్లింగులు దిద్దించుకుని, 'చూశాను' అన్న మాట మీద అన్ని తిట్లు తిట్టినవాణ్ణి.

"దొరికేదన్నా," అన్నాను.

"ఊరికెనె అడిగిన," అన్నాడు ఆయన. మోకాలు పట్టుకుని లేవబోయి, "జర ఆ కర్ర అందియ్యి," అన్నాడు.

అందించాను.